ముఫ్లెహ్ దానం చేసిన ఒంటె

జర్కా పట్నంలో కర్టెన్లు కుట్టి అమ్మే ముఫ్లెహ్‌కి రెండు గొంతులుండేవి. కొట్లో బేరమాడేటప్పుడు ఒకటి, ఇంటికి కొత్తవాళ్లొస్తే ఇంకొకటి. ఆ రెండోది వాళ్ల తాతది. తాత ఒంటెలు కాసిన మాట నిజమే. కానీ తండ్రి కుర్రతనంలోనే సైన్యంలో చేరి పట్నం వచ్చేశాడు. ముఫ్లెహ్ పుట్టిందీ పెరిగిందీ బస్టాండు వెనక సందులో. అయినా సరే, గడపలో కొత్త మనిషి కనిపిస్తే చాలు, గొంతు బొంగురు చేసుకుని "మేం ఇసకలో పుట్టినవాళ్లం" అని ఎత్తుకునేవాడు. ఎవరి సొమ్మూ పోని గొప్పలే కదా అని ఊళ్లోవాళ్లూ విని ఊరుకునేవాళ్లు.

కూతురు రహఫ్‌కి అజ్లూన్ కొండల నుంచి సంబంధం కుదిరింది. పిల్లవాడి తండ్రి తహసీన్ ఆలివ్ నూనె వ్యాపారి. నవ్వుమొహం మనిషి, ఎవరేం చెప్పినా నమ్మేసే రకం. మాటలన్నీ అయిపోయాయి. పెద్దలు వచ్చి పిల్లనడిగే లాంఛనం ఒక్కటే మిగిలింది. ఆ మధ్యలో ఒకనాడు భోజనాల దగ్గర ముఫ్లెహ్ అలవాటు ప్రకారం కోతలు కోస్తుంటే, తహసీన్ ముద్ద ఆపి అన్నాడు:

"బావగారూ, మా కొండవాళ్లకి ఎడారంటే టీవీలో చూసిందే. మీకైతే పుట్టిల్లు. చలికాలం సెలవుల్లో మమ్మల్ని ఓసారి వాదీ రమ్ ఎడారికి తీసుకెళ్లండి. మీ వెనక వస్తే దారి తప్పుతామనే బెంగ ఉండదు."

"ఎంత మాట బావగారూ! అదేమన్నా అడగాలా!" అంది ముఫ్లెహ్ నోరు. యాభై ఏళ్లకి దగ్గరపడ్డా అతను ఎడారిలో ఒక్క రాత్రి పడుకుని ఎరగడు.

అతిథులు వెళ్లాక వంటింట్లో భార్య ఇన్షిరాహ్ గిన్నెలు కడుగుతూ మొదలెట్టింది. "ఏం మహానుభావా, ఇసకలో పుట్టారు కదా, దారెటో చెప్పండి ముందు. వేసవిలో డాబా మీద పడుకోమంటే దోమలంటారు!"

"నెమ్మదిగా మాట్లాడు. పిల్లవాడి వాళ్లకి తెలిస్తే పరువుంటుందా? పిల్లనిచ్చేవాడే అబద్ధాలకోరని అనుకోరూ?"

"నేను చెప్పను లెండి. ఒంటే చెప్తుంది."

మర్నాడు కొట్టు వెనక గుడ్డల తానుల మధ్య నక్కి, వాదీ రమ్‌లో గుడారాలు నడిపే వాళ్లకి ఫోన్ చేశాడు. ఎత్తింది ఎవరో ముసలాయన. "మా చుట్టాలకి కొత్తండీ, వాళ్ల తరఫున అడుగుతున్నాను" అని మొదలుపెట్టి, ఇక ఆగలేదు. రాత్రి చలెంత, మరుగుదొడ్డుందా, ఒంటెక్కితే నడుం పడుతుందా, ముఖ్యంగా పాములున్నాయా.

"చలికాలం పాములు పడుకుంటాయి నాయనా. మీ చుట్టాల్ని కూడా నిశ్చింతగా పడుకోమను," అన్నాడు ముసలాయన. "ఉన్నికోట్లు తెచ్చుకోమను. మేజోళ్లు రెండేసి జతలు. పగటి ఎండ చూసి మోసపోవద్దను."

ఆ సాయంత్రమే ముఫ్లెహ్ తహసీన్‌కి ఫోన్ చేసి, రెండో గొంతుతో, "బావగారూ, మేజోళ్లు రెండేసి జతలు. పగటి ఎండ చూసి మోసపోకండి. ఇసకని మాకంటే ఎరిగినవాళ్లెవరు!" అన్నాడు. అవతల తహసీన్ "అదీ పుట్టుకతో వచ్చే తెలివంటే!" అని మురిసిపోయాడు. కొత్త ఎర్రగళ్ల తలగుడ్డ కొని, కొట్టు అద్దం ముందు కట్టుకోవడం విప్పడం సాధన చేశాడు ముఫ్లెహ్. పైకి నవ్వొస్తుంది గానీ పాపం, ఆ వారమంతా అతనికి సరిగ్గా నిద్ర లేదు.

రెండు కుటుంబాలూ బయల్దేరి వెళ్లాయి. మేకవెంట్రుకల గుడారం ముందు ఎదురొచ్చిన ముసలాయన పేరు స్వైలెం. "మీ ఇంటికి మీరొచ్చారు" అన్నాడు. ఆ గొంతు వినగానే ముఫ్లెహ్ పోల్చుకున్నాడు. ఫోన్లో మాట్లాడింది ఈయనే. గుర్తుపట్టాడేమోనని మొహంలోకి చూశాడు. స్వైలెం మొహంలో ఏమీ లేదు.

"మా బావగారు మీవాడేనండీ, ఇసక మనిషి!" అని తహసీన్ గర్వంగా చెప్పాడు.

"అలాగా. మావాడైతే మొదటి కప్పు అతనిదే," అని స్వైలెం నిప్పుల మీది కాఫీ వంచి ముఫ్లెహ్‌కిచ్చాడు.

అక్కడే ముఫ్లెహ్‌కి ఓ బుద్ధి పుట్టింది. వాళ్లవైపు పిల్లనడగడానికి వచ్చిన పెద్ద, ఇచ్చిన కాఫీ తాగకుండా కింద పెడతాడు. "అడగబోయేది ఇచ్చాం, తాగండి" అనేదాకా ముట్టుకోడు. పట్నంలో అదొక పెళ్లిముచ్చట, అంతే. ఇంతమంది చూస్తుండగా ఆ పని ఇక్కడ చేస్తే ఎంత దర్జాగా ఉంటుందోననుకున్నాడు ముఫ్లెహ్. కప్పు తీసుకెళ్లి ఇసకలో పెట్టి, ఛాతీ విరుచుకు కూర్చున్నాడు.

మూల కూర్చుని రొట్టె కాలుస్తున్న స్వైలెం భార్య హమ్దా చెయ్యి పెనం మీదే ఉండిపోయింది. స్వైలెం కాఫీపాత్ర దించి, నిటారుగా కూర్చున్నాడు.

"ఇచ్చాను. ఏం కావాలో అడుగు."

ఏం అడగాలో ముఫ్లెహ్ అనుకోనేలేదు. అందరూ తనవైపే చూస్తున్నారు. బయట తెల్ల ఆడ ఒంటె ఒకటి నెమరేస్తూ కనిపించింది. "ఆ తెల్ల ఒంటె!" అని పెద్దగా నవ్వాడు. ఎవరూ నవ్వలేదు.

"నీదే. ఇక తాగు," అన్నాడు స్వైలెం. "హమ్దా, గమ్రాని తీసుకురా."

తల్లి చచ్చిపోతే హమ్దా సీసాతో పాలుపట్టి పెంచిన ఒంటె అది. హమ్దా లేచి, పిండి చేతులు కొంగుకి తుడుచుకుని వెళ్లి, తాడు తెచ్చి ముఫ్లెహ్ చేతిలో పెట్టింది. తలెత్తి అతనివైపు చూడలేదు. "అబ్బే, హాస్యానికన్నాను" అనబోయాడు. ఇంతమందిలో అనలేక, కప్పెత్తి కాఫీ తాగేశాడు.

"అబ్బ, ఏం జాతి మీది!" అంటున్నాడు తహసీన్. "బావగారూ, ఏదీ, దాన్ని కూర్చోబెట్టండి. మీ చేతి నేర్పు చూద్దాం."

ముఫ్లెహ్ తాడు లాగాడు. నాలుకతో చప్పుడు చేశాడు. "కూర్చో తల్లీ" అని బతిమాలాడు. ఒంటె అతన్ని ఈగని చూసినట్టు చూసింది. చెవులు కాలిపోతున్నాయి అతనికి. అప్పుడు వెనకనుంచి స్వైలెం దగ్గినట్టుగా "ఖ్, ఖ్" అన్నాడు. గమ్రా బుద్ధిగా మోకాళ్లు మడిచి కూర్చుంది. తహసీన్ చప్పట్లు కొట్టాడు. ముసలాయన తన పరువు కాపాడాడని ముఫ్లెహ్‌కి అర్థమైంది. సిగ్గుతో చితికిపోయాడు. ఆ క్షణాన ఇసక చీలి తనని మింగేస్తే బాగుండుననిపించింది.

పొద్దుగూకే వేళ స్వైలెం ఒక్కడే పుల్లలు విరుస్తుంటే వెళ్లి పక్కన కూలబడ్డాడు. "పెద్దాయనా, నీకు దణ్ణం పెడతాను. ఒంటెని వెనక్కి తీసుకో."

"ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవడానికి అదేమన్నా నీ కొట్లో గుడ్డా?"

"నాకు కొట్టుందని నీకెలా..."

"మేకకి కూడా తెలిసేట్టు చెప్పావు కదయ్యా ఫోన్లో, వెనకనుంచి కత్తెర చప్పుడు, గజాల లెక్కలూ. పాముల్ని గురించి అడిగింది నువ్వేగా." ముసలాయన నవ్వలేదు, కసరలేదు. "ఈ గుడారంలో ఇదివరకు కప్పు దించింది ఒక్కడే. నా కొడుకుని లారీతో గుద్ది చంపిన కుర్రాడి తండ్రి, క్షమించమని అడగడానికొచ్చి. అతను నోరు తెరవకముందే తాగమన్నాను. ఆ కాఫీ తాగుతూ ఎంత ఏడ్చాడో. ఆ చోటే నువ్వూ పెట్టావు."

ముఫ్లెహ్‌కి తల కొట్టేసినట్టయింది. "నేనేం చెయ్యను?" అన్నాడు.

"ఒంటె నీది. నీది నువ్వు ఎవరికిచ్చుకుంటావో నీ ఇష్టం. లే, చలేస్తుంది. రెండో జత మేజోళ్లు తొడుక్కో."

మర్నాడు పొద్దున్న సామాన్లు కట్టుకున్నాక, అందరి ముందూ ముఫ్లెహ్ తాడు తీసుకెళ్లి హమ్దా చేతిలో పెట్టాడు. "అత్తా, ఇది నీకు." హమ్దా ఈసారి తలెత్తి చూసింది. "నీ ఇల్లు నిండుగా ఉండాలి నాయనా" అంది. స్వైలెం దగ్గరికొచ్చి, ఎంతో గొప్ప దానం పుచ్చుకున్నవాడిలా ముఫ్లెహ్ భుజం ముద్దుపెట్టుకున్నాడు. తహసీన్ కళ్లు తుడుచుకున్నాడు.

అప్పట్నుంచీ మొదలైంది అసలు శిక్ష. తహసీన్ అజ్లూన్‌లో ఏ ఇంటికెళ్లినా అదే కథ. "మా బావగారు వచ్చిన ఒంటెని వచ్చినట్టే దానం చేసేశారు!" జర్కాకి పాకింది. కొట్టుకొచ్చినవాళ్లు "ఒంటె దాతా!" అని పిలిచేవాళ్లు. ముఫ్లెహ్ తలవంచుకుని గుడ్డ కొలిచేవాడు. రెండో గొంతు మళ్లీ ఎవరూ వినలేదు. భార్య కూడా వెక్కిరించడం మానేసింది. అదీ భరించలేకపోయాడు.

పిల్లనడగడానికి పెద్దలొచ్చారు. హాలు కిక్కిరిసిపోయింది. తహసీన్ అన్నగారు, హెడ్మాస్టరు చేసి దిగినాయన, లేచి, "దొరికిన ఒంటెని దొరికినచోటే దానం చేసిన చెయ్యి ఇది. ఆ చేతినుంచి మా పిల్లవాడికి మీ అమ్మాయిని అడుగుతున్నాం" అని కప్పు కింద పెట్టాడు.

అందరూ ముఫ్లెహ్‌ని చూస్తున్నారు. చెప్పాల్సింది ఒక్కటే ముక్క. అతని కళ్లు ఆ కప్పు మీదే ఉన్నాయి.

"ఆ ఒంటె నాది కాదు," అన్నాడు. కొట్లో మాట్లాడే మామూలు గొంతు. "ఎప్పుడూ కాదు. నేను గొప్పకోసం కప్పు దించాను. ఇచ్చిందీ ఆ ముసలాయనే, నాచేత తిరిగి ఇప్పించిందీ ఆయనే. నేను ఎడారి చూడ్డం అదే మొదలు. పాములకి భయపడి ఫోన్ చేసినవాణ్ణి నేను."

హెడ్మాస్టరు నిండుగా తలాడించాడు. "విన్నారా? ఇచ్చిన చెయ్యి ఇచ్చానని కూడా ఒప్పుకోదు. అసలైన ఎడారి రక్తమంటే ఇదీ!"

"అంతే, అంతే!" అన్నారు అందరూ. తహసీన్ లేచొచ్చి కావలించుకున్నాడు. తలుపు చాటున ఇన్షిరాహ్ ఒక్కతే కొంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడింది.

కప్పులో కాఫీ చల్లారిపోతోంది.

"తాగండి, పిల్లనిచ్చాం," అన్నాడు ముఫ్లెహ్. ఈసారి గొంతు దానంతటదే బొంగురుపోయింది. కూతుర్ని ఇస్తున్న తండ్రి కదా అని అందరూ సరిపెట్టుకున్నారు.