మేకులేని చెప్పుల కోసం పురానాపూల్‌కి

మా ఆయన ఎడమ బొటనవేలి కింద పుండు మానడానికి నాలుగు నెలలు పట్టింది. చక్కెర జబ్బు వల్ల ఆ పాదానికి స్పర్శ లేదు. మళ్లీ అక్కడే పుండు పడితే వేలు దక్కదని డాక్టరు తేల్చి చెప్పి, మెత్తటి రబ్బరుతో చేసే ఎమ్‌సీఆర్ చెప్పులు వేసుకోమన్నారు. మా నల్లగొండలో దొరికినవి ఆయన పాదానికి కుదరలేదు. హైదరాబాదులో పురానాపూల్ వంతెన దగ్గర కొలత తీసి కుడతారని తెలిసి మొన్న బుధవారం బయలుదేరాం. మీ ఇంట్లోనూ ఇలాంటి పాదం ఉంటే పనికొస్తుందని రాస్తున్నాను.

ఎనిమిదింటి ఎక్స్‌ప్రెస్ బస్సెక్కాం. ఆడవాళ్లకు ఉచితం కాబట్టి నాకు జీరో టికెట్టు, ఆయనకు మాత్రం డబ్బులు. ఆయన వృక్షశాస్త్రం లెక్చరరుగా రిటైరయ్యారు, భయం వేస్తే పాఠం మొదలుపెడతారు. ఆ రోజు చౌటుప్పల్ రాకముందే రబ్బరు చెట్టు అందుకున్నారు. మనం కుండీల్లో పెంచే రబ్బరు మొక్క మర్రికి చుట్టమట, పాలు తీసే అసలు చెట్టు వేరట. దాని పుట్టిల్లు బ్రెజిల్ అడవులు. దొరలు ఆ గింజల్ని లండన్‌కి తెప్పించుకుని, మొలకల్ని సిలోనుకూ మలయాకూ పంపారు. అక్కడి తోటలు అందివచ్చాక బ్రెజిల్ వ్యాపారం చతికిలబడింది. మన కేరళ తోటలదీ అదే వంశం.

"మొదట్ల రబ్బరు ఎండకు కరిగేది, చలికి పగిలేది. గంధకం కలిపి ఉడికించినంకనే దారికొచ్చింది" అన్నారు. ముందు సీటాయన అప్పటికే నిద్రపోయాడు, అదృష్టవంతుడు.

ఎంజీబీఎస్‌లో దిగి ఆటో ఎక్కితే ఎనభై రూపాయలకు దుకాణం ముందు దించాడు. చెప్పులు కుట్టే నర్సింగ్ మమ్మల్ని చూస్తూనే, "ఇప్పుడు కొలిస్తే ఫాయిదా లేదమ్మా. మజ్జాన్నం దాటితే పాదం ఉబ్బుతది, గప్పుడు కొలుద్దాం. బువ్వ తిని రాండ్రి" అన్నాడు. పక్క గల్లీలో పుల్కాలు తిన్నాం. చక్కెర లేని చాయ్ అడిగితే హోటలతను మా ఇద్దరి వంకా జాలిగా చూశాడు.

మూడింటికి నర్సింగ్ ఆయన పాదాన్ని తడిపి కాగితం మీద నిలబెట్టాడు. తడి గట్టిగా అంటిన చోటల్లా రబ్బరును గుంటగా చెక్కాడు. మేకులు కొట్టవా అని అడిగాను.

"మేకు గుచ్చుకున్నా సారుకు తెల్వదు గదమ్మా. అతుకుడు, కుట్టుడు, గంతే."

"చెట్టుకు గాటు పెట్టేటోడు గూడ గింతే జాగ్రత్త పడాలె" అన్నారు మా ఆయన. "బెరడు వరకే కోయాలె. కట్టెకు తగిలితే చెట్టు అరవదు. ఆ చోట బెరడు గడ్డలు కట్టి మళ్ల కోతకు పనికిరాదు." ఆగి తన పాదం చూసుకున్నారు. "నాదీ గట్లనే అయింది." ఆ రోజుకు పాఠం అయిపోయింది.

"రెండు జతలు చేస్త సారూ. బయటికొకటి, ఇంట్లకొకటి" అన్నాడు నర్సింగ్.

"ఇంట్ల చెప్పులా? ఈమె గడప దాటనిస్తదా?" అని నవ్వారు ఈయన.

నిజమే, మా ఇంట్లో చెప్పు ఏనాడూ గడప దాటలేదు. వీధిలో బూట్లు, ఇంట్లో ఉత్త కాళ్లు. ఆ పుండు కూడా వంటింట్లో గుచ్చుకున్న గాజు ముక్కతోనే మొదలైంది.

"రెండూ కుట్టు అన్నా" అన్నాను. "ఇంట్ల జత వంటింట్లకు గూడ ఏసుకోవాలె."

"మరి దేవుని అర్రలకు?" అన్నారు ఈయన.

"దేవునికి నేను చెప్పుకుంట."

అయిదింటికి చెప్పులు తయారయ్యాయి. వంతెన దాకా నడిచి రమ్మన్నాడు నర్సింగ్. తిరిగొచ్చాక చెప్పులు విప్పించి పాదమంతా నొక్కి చూశాడు. ఎక్కడా ఎరుపు లేదు, కమిలిన గుర్తు లేదు. "ఇగ ఫికర్ లేదమ్మా" అన్నాడు. నేను అక్కడే స్టూలు మీద కూర్చుని ఏడ్చేశాను. నాలుగు నెలలుగా గుండెల మీదున్న బరువు దిగిపోయింది.

జత ఎనిమిది వందలు పడింది. మీరు వెళ్తే మధ్యాహ్నం దాటాకే కొలత ఇప్పించండి, వేసుకుని కాసేపు నడిచాక పాదం చూసుకుని గాని దుకాణం వదలకండి. ఊరూరా తిరిగి మందులు తెచ్చినవాళ్లం, ఇంట్లో నాలుగడుగుల నేల గురించి ఆలోచించలేదు. మర్నాడు పొద్దున్న పోపు వేస్తుంటే ఆయన వంటింటి గడప అవతల ఆగిపోయారు. కాళ్లకు కొత్త చెప్పులున్నాయి. "చాయ్ చల్లారిపోతది, లోపలికి రాండి" అన్నాను.