ఉప్పు చాల్లేదన్న ఉపదేశి

ఉపదేశి ఆశీర్వాదం గారు ప్రభువునందు నిద్రించారన్న విషాదవార్తను తోటి ఉపాధ్యాయిని ఒకామె ఆళ్లగడ్డ బస్టాండులో చెప్పినప్పుడు నేను నమ్మలేదు. ఎవరు చెప్పారు, కళ్లారా చూసిందెవరు అని గుచ్చి గుచ్చి అడిగాను. ఏదీ ఒక పట్టాన నమ్మని బుద్ధి నాది. చివరికి నంద్యాల వెళ్లి, సమాధి మీద ఇంకా తడి ఆరని మట్టిని చూశాకే నిలువునా కూలిపోయాను.

ఆ పుణ్యమూర్తిని సైతం నేను మొదటినుంచీ అనుమానించాను. నంద్యాలలో మా సంఘానికి ఆయన ఉపదేశి. వాక్యం చెప్పడం, దుఃఖార్తులను పరామర్శించడం ఆయన విధి. చావు జరిగిన ఇంట కొన్నాళ్లు పొయ్యి వెలగదు, ఇరుగుపొరుగులే అన్నం తెస్తారు. వాళ్లు తేవడం మానిన రోజున, సరిగ్గా ఆ రోజునే, ఈయన సైకిలు ఆ వాకిట్లో ఆగేది. ఓదార్పు మాట ఒక్కటీ ఉండదు. "అమ్మా, ఆకలైతాంది, ఏమన్నా చేసిపెట్టు" అనేవారు. పెట్టింది తిని, పైగా ఉప్పు చాల్లేదనేవారు. ఈ పరామర్శలన్నీ పొట్ట కోసమేనని సంఘంలో గుసగుసలు.

తాళాలు బాగుచేసే మస్తాను కొడుకు పోయినప్పుడు ఆ ఇంటికీ వెళ్లారు.

"ఏందప్పా, మా ఇంట్లో నీకేం పని?" అన్నాడు మస్తాను.

"టీ తాగే పని" అన్నారీయన. గోడవైపు తిరిగి పడుకున్న మస్తాను భార్య లేచి టీకి నీళ్లు పెట్టిందట. విన్నవాళ్లంతా మెచ్చుకున్నారు. టీని కూడా వదలడు మహానుభావుడని నేననుకున్నాను.

తరువాత నా భర్త కన్నుమూశారు. ఆ శోకం ఆరకముందే ఆళ్లగడ్డకు బదిలీ. అద్దెగదిలో మూటలైనా విప్పకుండా కూర్చుంటే, హోటలు ఇడ్లీ కూడా గొంతు దిగేది కాదు. దేవుడు నంద్యాలలోనే ఆగిపోయాడని నిశ్చయించుకున్నాను. ఒక ఆదివారం ఉపదేశి గారు బస్సు దిగి వచ్చి నా గడప మీద కూర్చున్నారు.

"అమ్మా, ఆకలైతాంది. ఉగ్గాని చేస్తావా?"

నాకు ఒళ్లు మండింది. "ఈడిదాకా తినేదానికే వచ్చినారా అయ్యా? స్టవ్వే ముట్టించలేదు నేను."

"అందుకే వచ్చినా."

"దేవుడు యాడుండాడో అది చెప్పండి ముందు."

"ముందు బొరుగులు తడుపమ్మా. ఆయప్ప వస్తాడు."

మూట విప్పి బొరుగులు తడిపాను. ఎర్రగడ్డలు కోస్తూ వెక్కి వెక్కి ఏడ్చాను. అది ఉల్లి ఘాటుకేనా అని ఆయన అడగలేదు. ఉగ్గాని నోట్లో పెట్టుకుని మొహం చిట్లించారు. "ఉప్పు చాల్లేదు. నమ్మకుంటే నువ్వే చూడు." ఆయన చెప్పింది తప్పు అని నిరూపించాలని ఒక ముద్ద తిన్నాను. ఉప్పు సరిగ్గానే ఉంది. మళ్లీ చూశాను. నా పళ్లెం ఖాళీ అయ్యేదాకా ఆయన కదలలేదు. ఆయన బస్సెక్కి వెళ్లిపోయాక, ఆ గదిలో నేను ఒంటరిగా లేనని తోచింది. ఇది దైవసన్నిధేనా, కడుపు నిండిన భ్రమా అని అనుమానించి, మర్నాడు మళ్లీ స్టవ్వు ముట్టించి చూశాను. ఆ సన్నిధి అక్కడే ఉంది.

మొన్న ఆయన అర్ధాంగి రాహేలమ్మ దగ్గరికి వెళ్లాను. ఇరుగుపొరుగులు అన్నం తేవడం మానారని కనుక్కునే వెళ్లాను. చల్లారిన పొయ్యి పక్కన గోడకానుకుని కూర్చుని ఉంది.

"అక్కా, ఆకలైతాంది" అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "ఏందీ, నువ్వూ మొదలుపెట్టినావా?"

ఉండబట్టలేక అడిగేశాను. "ఆయనకు నిజంగానే ఆకలయ్యేదా అక్కా?"

"ఏమోమ్మా. ఈడ తినే పోతాండె, ఆడ మళ్లా తింటాండె." అంటూనే అగ్గిపెట్టె కోసం తడుముకుంది.

అటువంటి ఉపదేశి మా సంఘానికి మళ్లీ దొరకడు. ఆ నిష్కల్మష సేవకుడికి నేనర్పించగల నివాళి ఒక్కటే మిగిలింది. రాహేలమ్మ వడ్డించిన ఉగ్గాని నోట్లో పెట్టుకుని మొహం చిట్లించాను.

"ఉప్పు చాల్లేదక్కా. నమ్మకుంటే నువ్వే చూడు."