రంగు వేయని రేకు

ఇనుము కోసే గ్రైండరు ఆడుతుంటే నాకు ఫోన్ వినపడదు. మంగళవారం పొద్దున మూడుసార్లు మోగిందట. నాలుగోసారి మా ఆవిడ దుకాణంలోకొచ్చి చేతికిచ్చింది. అవతల, నేను ఇనుము కోసిచ్చే డ్రాయింగు టీచరుగారి తమ్ముడి కొడుకు. పిలుపుకి నన్ను బావా అంటాడు. "బావా, మా అత్త ఎల్లిపోయింది. టీ తాగుతూ కుర్చీలో కూకుంది, అలాగే..." అన్నాడు. టీ సగం తాగి సగం వదిలెయ్యడం ఆవిడ అలవాటు. ఆ రోజూ గ్లాసులో సగం మిగిలే ఉందట. నేను గ్రైండరు ప్లగ్గు పీకేశాను. ఆ పూట మళ్లీ పెట్టలేదు.

మర్నాడు పేపర్లలో ఆవిడ ఫొటో వేశారు. మినిమలిజం అనీ, కాన్సెప్చువల్ ఆర్ట్ అనీ, మన వైపు ఆ రెండింటికీ మొదట బాట వేసిన మనిషి అనీ రాశారు. నిజమే అయ్యుంటుంది, రాసినవాళ్లు చదువుకున్నవాళ్లు. నేను విశాఖపట్నం కంచరపాలెంలో రైలు పట్టాల పక్కన గేట్లూ గ్రిల్సూ చేసుకునే మనిషిని. ఆ మాటలు నాకు నోరు తిరగవు. కానీ ఆవిడకి ఇనుము కోసి ఇచ్చింది నేను. నాకు తెలిసినంత మీకు చెబుతాను, తప్పుంటే సర్దుకోండి.

ఆవిడ మల్కాపురంలో ఒక బడిలో డ్రాయింగు టీచరు. నా దుకాణానికి మొదటిసారి వచ్చినప్పుడు రిటైరవడానికి దగ్గర్లో ఉన్నారు. సిటీ బస్సు దిగి, హ్యాండ్‌బ్యాగులోంచి కొలత టేపు తీసి, ముందు నా బల్ల కొలిచారు. ఎందుకో ఇప్పటికీ తెలీదు. తర్వాత పని చెప్పారు.

"నాలుగడుగుల చదరం రేకు కావాలి నాయనా. పదహారు గేజీ మందం."

"దేనికండీ? ట్యాంకు మూతకా?"

"కాదు."

"పోనీ గేటుకా?"

"దేనికీ కాదు."

నాకు చిర్రెత్తింది. "దేనికీ కాంది నానెందుకు కొయ్యాలండీ?" అన్నాను.

"ఇన్నాళ్లూ దేనికో ఒకదానికి కోసావు. ఒక్కసారి ఉత్తినే కోసి సూడు," అని ఒక చీటీ ఇచ్చారు. అందులో మూడు ముక్కలు రాసి ఉన్నాయి. నాలుగడుగుల ఇనప రేకు. యారాడలో సముద్రానికి ఎదురుగా నిలబెట్టాలి. ఇంకేమీ చెయ్యకూడదు.

ఇంతకన్నా తేలిక తెలుగు ఉండదు. అయినా నాకు ఎక్కలేదు. విశాఖపట్నంలో ఇనుము పని చేసే ఎవణ్ణయినా అడగండి, సముద్రపు గాలి ఇనుమునేం చేస్తుందో చెబుతాడు. అందుకే తుప్పు ఆపే రెడ్ ఆక్సైడ్ రంగు కొట్టకుండా మా దుకాణం నుంచి మేకు కూడా బయటికి పోదు. గుడ్డ కట్టకుండా పిల్లని పెళ్లికి పంపుతామా అనేవాడు మా నాన్న. పైగా పెద్దావిడ, ఒంటరి మనిషి, ఏదో తెలియక అలా రాసుంటారని జాలిపడ్డాను. రెండు కోట్లు శుభ్రంగా కొట్టి, ఆరబెట్టి, యారాడలో వాళ్ల తమ్ముడి పెరటి చివర రెండు ఇనప కాళ్లు పాతి నిలబెట్టాను. మెచ్చుకుంటారని పక్కనే నిలబడ్డాను కూడా.

టీచరుగారు రేకు చుట్టూ ఒకసారి తిరిగారు. అరవలేదు, తిట్టలేదు. "బావుంది నాయనా. నీ పని నువ్వు సేసావు. ఇప్పుడు ఎమెరీ కాగితం ఉంటే ఇయ్యి," అన్నారు. థిన్నరు తడిపిన గుడ్డతో తుడిచి, కాగితంతో రుద్దుతూ రంగంతా తీసెయ్యడం మొదలుపెట్టారు. గ్రైండరు తెస్తానంటే గీతలు పడతాయన్నారు. ఇంకో రేకు కోస్తానంటే, దీని తప్పేముంది అన్నారు. ఇంటికెళ్లి చెబితే మా ఆవిడ, "అడుసు తొక్కనేల, కాలు కడగనేల," అంది. రెండో రోజు పొద్దున్నే వెళ్లేసరికి ఆవిడ వేళ్లు వాచి ఉన్నాయి. నాకు తల కొట్టేసినట్టయింది. రెండో కాగితం తీసుకుని అటువైపు కూర్చున్నాను. మూడు రోజులు పట్టింది.

ఆ మూడు రోజుల్లోనే ఆవిడ నాకు పాఠం చెప్పారు. ఎక్కడో పెద్ద ఊళ్లో గోడ మీద వెయ్యాల్సిన బొమ్మకి తను వెళ్లకుండా కాగితం రాసి పంపేవారట. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా జానెడేసి దూరంలో పెన్సిలు గీతలు గియ్యండి, ఆకలేసినప్పుడు ఆపండి అని. గీసేది అక్కడివాళ్లు. "మరి మీరేటి సేసినట్టండీ?" అని నవ్వాను. ఆవిడ రుద్దడం ఆపలేదు. "ఇంజినీరు కాగితం ఇస్తే నువ్వు గేటు సేస్తావు. ఆయనొచ్చి వెల్డింగు పెడతాడా? అలాగని గేటులో ఆయన లేడంటావా?" అన్నారు. అప్పటికి ముప్ఫై ఏళ్లుగా నేను అలాంటి కాగితాల ప్రకారమే పని చేస్తున్నాను. ఎప్పుడూ ఆ ఆలోచన రాలేదు.

ఇలా ఏమీ వెయ్యకుండా ఖాళీగా ఉంచడం మీకెక్కడ అబ్బిందండీ అని ఇంకోరోజు అడిగాను. వాళ్ల చర్చిలో పీఠం వెనక గోడ మీద ఏమీ ఉండదట, ఉత్త సున్నం గోడ. చిన్నప్పటి నుంచి ప్రతి ఆదివారం రెండు గంటలు ఆ గోడే చూశారట. "ముందు విసుగొచ్చీది. తర్వాత దాని మీద ఎండ కదలడం కనబడింది," అన్నారు.

ఆ తర్వాత ఆవిడకి చాలా రేకులు కోశాను. కానీ మొదటి రేకు సంగతి వేరు. హైదరాబాదులో ప్రదర్శన పెట్టినప్పుడు రేకు పంపలేదు, చీటీకి నకలు రాసి ఫ్రేము కట్టించారు. దాని కింద, కోత అని నా పేరు, రంగు అని యారాడ గాలి. ఆ ఫ్రేము ఫొటో చూసి నాకు ఏడుపొచ్చింది. నా చేత్తో చేసిన గేటు మీద నా పేరు ఏనాడూ లేదు.

ఏటా వానలు వెనకబట్టాక ఆవిడా, నేనూ, తమ్ముడి కొడుకూ రేకు దగ్గర కూర్చుని చేపల పులుసుతో అన్నం తినేవాళ్లం. రేకు ముందు పసుపు తిరిగింది, తర్వాత బెల్లం రంగు, ఆ తర్వాత పొరలు లేచింది. ఏటా నేను గొడవపడేవాణ్ణి, కనీసం వార్నిషు ఒక్క కోటు కొడతానని. "నీ సేతులు ఊరుకోవు నాయనా. ఊరుకోడం కూడా పనే," అనేవారు. పోయినేడు నిమ్మకాయంత చిల్లు పడింది. ఆవిడ అందులో వేలు పెట్టి ఎంత సంబరపడ్డారో.

ఆవిడని మట్టి చేసిన మూడో రోజు తమ్ముడి కొడుకు దుకాణానికి వచ్చాడు. "ఆ రేకు రెండు వానలకి పడిపోద్ది బావా. అత్తది ఇంకేటుంది మనకి? నువ్వే రంగు కొట్టు. పేరు రాసి సమాధి కాడ పెడదాం."

సిగ్గెందుకు, నాకూ అదే కావాలనిపించింది. రెడ్ ఆక్సైడ్ డబ్బా, బ్రష్షు బండికి కట్టుకుని ఆదివారం యారాడ వెళ్లాను. నిమ్మకాయంత చిల్లు అరచెయ్యంత అయింది. డబ్బా మూత కింద స్క్రూడ్రైవరు పెట్టాను. అప్పుడు ఆ వాచిన వేళ్లు గుర్తొచ్చాయి. అప్పుడంటే నేను కొడితే ఆవిడ గీకారు. ఇప్పుడు కొడితే గీకడానికి ఆవిడ లేరు.

స్క్రూడ్రైవరు జేబులో పెట్టేశాను.

"ఏటి బావా?" అన్నాడు.

"నాను కొట్టను."

"పడిపోద్ది కదా."

"పడిపోద్ది. పడేదాకా వస్తాం."

అతనికి కోపమొచ్చింది. ఇంటి వైపు నాలుగడుగులు వేసి, వెనక్కొచ్చి, మూత తియ్యని డబ్బా మీద కూలబడ్డాడు. కాసేపు ఏడ్చాడు. నాకూ ఏడుపు ఆగలేదు. తర్వాత మొహం తుడుచుకుని చిల్లుకి కన్ను ఆనించాడు.

"బావా, పడవ కనబడతంది."

"జరుగు, నన్నూ సూడనీ," అన్నాను. మోకాళ్లు పట్టేసి నేను వంగేసరికి పడవ దాటిపోయింది. చిల్లు నిండా సముద్రం నీళ్లే ఉన్నాయి.