చుక్కలు బయట పెట్టి రమ్మన్న కమిటీ

అది ఒక శుక్రవారం, పొద్దున సరిగ్గా పదకొండు గంటలు. మిలిటరీ ఆసుపత్రిలో కాలిన గాయాల వార్డు పక్కనున్న చిన్న గదిలో మా వార్డుకు మొట్టమొదటి కమిటీ కూర్చున్నది ఆ గంటకే. ఎక్కడో అడుగున పడి ఉన్న ఆ పొద్దును మొన్న ఆదివారం మా చెల్లెలి మనవరాలు మళ్ళీ పైకి తీసింది. ఆ పిల్లా మిలిటరీ నర్సే, ఈ బెంగుళూరులోనే కెప్టెను. ఆనేకల్లో ఉన్న మా ఇంటికి మైసూర్‌పాకు పట్టుకొని వచ్చి, తనను వార్డు కౌన్సిలుకు పెద్దను చేశారనీ, ఇకమీద వార్డును నడిపేది పైవాళ్ళు కాదు, నర్సులందరూ కలిసేననీ, దానికి ఇంగ్లీషులో ఒక పొడుగాటి పేరు కూడా ఉందనీ మురిసిపోతూ చెప్పింది. నేను నవ్వాను. అది మంచి నవ్వు కాదని పిల్లకు తెలిసిపోయి మూతి ముడుచుకుంది.

నేను ఆ ఆసుపత్రిలో ఆయాగా చేసినదాన్ని. అక్షరాలు దిద్దింది యాభై దాటినాకే గనుక నా రాతకు నునుపు తక్కువ. నా ఈడువాళ్ళు ఎలాగూ సర్దుకుంటారు, తక్కినవాళ్ళ సంగతి నాకు అక్కర లేదు. మిలిటరీలో నర్సమ్మలంటే ఆఫీసర్లు. భుజాన రెండు చుక్కలుంటే లెఫ్టినెంటు, మూడుంటే కెప్టెను, ఆపైన మేజరు, అందరి నెత్తిమీదా మేట్రను. లెఫ్టినెంటు గాయం కడుగుతుంది, కెప్టెను ఆ కడిగేవాళ్ళకు డ్యూటీలు వేస్తుంది, మేజరు ఆ డ్యూటీలు సరిగా లేవని కేకలేస్తుంది, మేట్రను కుర్చీ దిగదు. చుక్క పెరిగేకొద్దీ రోగి మంచానికి దూరం కావడాన్నే వాళ్ళు పైకి రావడం అనేవారు. పదేళ్ళుగా జ్వరం చూడని చెయ్యి జ్వరం ఎలా చూడాలో చిన్నవాళ్ళకు క్లాసు చెబుతుంటే, నేను తలుపు పక్కన నిలబడి చీపురు పట్టిన చేత్తోనే నోరు కప్పుకునేదాన్ని.

ఆ వార్డులో ఒక లెఫ్టినెంటు ఉండేది. ముళబాగిలు వైపు పిల్ల, ఇంట్లో మాలాగే తెలుగు. అందరికంటే చిన్నది గనుక చిన్నసిస్టరమ్మ అనేదాన్ని, తను నన్ను అక్కా అనేది. మెస్సులో స్టవ్వు పేలి రెండు చేతులూ కాలిన వంట జవాను ఒకడు మా దగ్గర ఉండేవాడు. గాయానికి గాజుగుడ్డ అంటుకుపోతే ఈమె సెలైను పోసి నానబెట్టి, మీ ఊర్లో చెరుకు ఎప్పుడు కొడతారు, మీ అమ్మ చట్నీలో ఏమేస్తుంది అని అడుగుతూ, ఆ గుడ్డ దానంతటది వదిలే దాకా కూర్చునేది. అక్కడి పద్ధతి ఏమిటంటే నెల తిరిగేసరికి కొందరు నర్సులను ఆ వార్డు నుంచి ఈ వార్డుకు మార్చేస్తారు. కొత్తగా వచ్చినామె గడియారం చూసుకుంటూ సర్రున లాగేది. లేతగా మొలిచిన చర్మం గుడ్డతోపాటే వచ్చేది. బేసిను పట్టుకున్నది నేను, ఆ కేకలు విన్నదీ నేనే.

ఈ వార్డు నర్సులను కనీసం ఒక ఏడాది కదపకుండా ఉంచాలన్నది చిన్నసిస్టరమ్మ కోరిక. అన్ని వార్డులూ తిరిగినవాళ్ళకే చుక్కలు తొందరగా వస్తాయి గనుక, ఒకచోటే ఉంటాననే పిల్ల తక్కినవాళ్ళ కంటికి పిచ్చిదానిలా కనిపించేది. పైగా ఆమెది ఇంకా పర్మనెంటు ఉద్యోగం కాదు. గడువు ముగిసేది ఆ ఏడాదే. ఉంచుకోవాలా పంపించాలా అన్నది మేట్రను రాసే రిపోర్టు మీద ఉంటుంది.

ఇంతలో మేట్రను ఢిల్లీలో ఏదో శిక్షణకు పోయి, కొత్త చీర కట్టుకొచ్చినట్టు ఒక కొత్త మాట తెచ్చింది. ఇకమీద వార్డుకొక కమిటీ, పెద్దా చిన్నా లేకుండా అందరి మాటా ఒకటే అని. మొదటి కమిటీలోనే నర్సుల మార్పిడి సంగతి ఎత్తాలని గురువారం టీ గదిలో చిన్నసిస్టరమ్మ అడిగితే, ఒక మేజరు, ఇద్దరు కెప్టెన్లు, ఒక తోటి లెఫ్టినెంటు, నువ్వు ఎత్తు, మేమున్నామని నలుగురూ మాటిచ్చారు. వాళ్ళు పోయినాక గ్లాసులు తీస్తూ నేను ఊరుకోలేకపోయాను.

"వీళ్ళను నమ్ముకోవద్దు తల్లీ."

"ఏంటికక్కా అట్లంటావు, అందురూ సరే అన్న్యారు గదా."

"టీ తాగేటప్పుడు అందురూ సరే అంటారు. రేపు నువ్వు లేచినాక చూడు, వాళ్ళ మొగాలు బిస్కెట్ల మింద ఉంటాయి."

"నీకు లోకంలో ఒక్కరైనా బాగా కనిపిస్తారా అక్కా?"

"కనిపిస్తారు. మాట్లాడకుండా ఉన్నంతసేపూ."

శుక్రవారం మేట్రను వచ్చి కూర్చుని, చుక్కలు తలుపు బయట పెట్టి రండి, ఇక్కడ అందరం సమానం అన్నది. ఆ మాట నోట్లో ఉండగానే, నెలనెలా మార్పిడి ఎంత మంచి పద్ధతో తానే మొదట చెప్పేసి, ఇప్పుడు మీ అభిప్రాయం చెప్పండి అని మేజరు వైపు తిరిగింది. మేజరు నిజమే మేడమ్ అన్నది. పెద్ద కెప్టెను నిజమే అన్నది. రెండో కెప్టెను అంతకంటే గట్టిగా నిజమే అన్నది. చిన్నసిస్టరమ్మ టిఫిన్ డబ్బాలోంచి దినమూ తినే ఆ తోటి లెఫ్టినెంటు ఒక బిస్కెట్టు తీసుకొని దాని అంచు గిల్లుతూ తల ఊపింది. ఆ తల ఊపడం ఇప్పటికీ నా కళ్ళకు కనిపిస్తుంది, ఇప్పటికీ నాకు అంతే రోత.

చిన్నసిస్టరమ్మ లేచి నిలబడింది. మేడమ్, సైన్యంలో కోర్టు కూర్చుంటే అందరికంటే చిన్న ఆఫీసరు ముందు చెప్పాలి గదా, పెద్దవాళ్ళ మాట విని చిన్నవాళ్ళు భయపడకుండా, మనమూ ఇంకొక్కసారి కింద నుంచి అడుగుదామా అన్నది. మేట్రను నవ్వింది. ఇదేమన్నా కోర్టా, మరి ముద్దాయి ఎవరమ్మా అన్నది. అందరూ నవ్వారు. కింద నుంచి అంటే ఆయాతో మొదలుపెట్టాలి గదా అని టీ ట్రే పట్టుకున్న నా వైపు చెయ్యి చూపింది. మళ్ళీ నవ్వారు. అడిగింది గదా అని, కట్టు విప్పేది దినమూ ఒకే నర్సు చెయ్యి అయితే ఆ జవాన్లకు మేలు మేడమ్ అన్నాను. నా మాట పూర్తయ్యేలోపలే ఆమె చక్కెర తక్కువైందని కప్పు పక్కన పెట్టింది.

తర్వాత, అందరూ ఒప్పుకున్నట్టు రాసేద్దామా అని మేట్రను అడిగింది. ఆ మాటలో ఏముందో గదిలో అందరికీ తెలుసు, రిపోర్టు రాసే నెల అదే. చిన్నసిస్టరమ్మ కూర్చోలేదు. నాది వేరే అభిప్రాయమని రాయండి మేడమ్ అన్నది. మేట్రను ఆలోచించుకోమంది. ఆలోచించే చెబుతున్నానంది. బిస్కెట్టు గిల్లేదాని వైపు చిన్నసిస్టరమ్మ ఒక్కసారి చూసింది. అది కిటికీలో కాకిని చూస్తోంది.

వారం తిరక్కుండానే చిన్నసిస్టరమ్మను అవుట్‌పేషెంటుకు వేశారు. వంట జవాను ఆమె కోసం రెండు మూడు సార్లు అడిగి, తర్వాత అడగడం మానేసి, కట్టు మార్చే పూట తువ్వాలు పళ్ళ మధ్య పెట్టుకోవడం నేర్చుకున్నాడు. రిపోర్టులో పని బాగుంది గాని నలుగురితో కలవదు అని రాశారట. గడువు ముగిసినాక ఆమెను ఉంచుకోలేదు. పోయే దినం నేను ఆమె ట్రంకు గేటు దాకా మోశాను.

"నేను చెప్పలేదా" అన్నాను. వేరే మాట నాకు రాదు.

"చెప్పినావు లేక్కా. ఇంక ఎవురికీ సెల్యూట్ కొట్టే పని లేదు, ఈ ఆటో వానికి తప్ప. చూడు, మీటరు వెయ్యనంటాండాడు."

అదే చివరి చూపు. ఎక్కడుందో, ఉందో లేదో కూడా నాకు తెలియదు. తల ఊపిన నలుగురూ మాత్రం చక్కగా పైకి పోయారు.

ఆదివారం ఇదంతా చెబితే మనవరాలు మైసూర్‌పాకు ముట్టకుండా విన్నది. ఇప్పుడు అట్ల లేదవ్వా, మంచం పక్కనే ఉండి కూడా పైకి రావచ్చు, కాలిన గాయాలకంటూ వేరే కోర్సు ఉండాది, అది చేసినోళ్ళను ఊరికే కదపరు అన్నది. నాకు సంతోషమే. ఆ కోర్సు ఏదీ లేని కాలంలో ఒక పిల్ల నిలబడి అడిగింది అదే గదా అనిపించింది. తర్వాత, మీ కౌన్సిల్లో ముందు మాట్లాడేది ఎవరని అడిగాను.

"మేడమే అవ్వా. ఆమె మొదలుపెట్టకపోతే ఎవురూ నోరు తెరవరు."

"మీ రిపోర్టు రాసేదెవురు?"

పిల్ల ఫోను తీసి తిప్పుకోసాగింది. మంచాలు మారాయి, మందులు మారాయి, ఏసీలు వచ్చాయి, రోగికి దగ్గరగా ఉండేవాళ్ళకూ చుక్కలు వస్తున్నాయి. ఆ గది ఒక్కటి ఎందుకు మారదో నాకు తెలియదు. కమిటీ అన్న మాట ఎక్కడ విన్నా నాకు ఆ శుక్రవారం ఆ గదిలో ఉన్నవాళ్ళే కనిపిస్తారు. కుర్చీలో మేట్రను, ఆమె కుడిపక్క మేజరు, ఎడమపక్క ఇద్దరు కెప్టెన్లు, కిటికీ దగ్గర తోటి లెఫ్టినెంటు, తలుపు దగ్గర ట్రేతో నేను, నిలబడి ఉన్న చిన్నసిస్టరమ్మ.