పనిలో తగిలిన దెబ్బ

మామిడిపల్లిలో సీమోను ఇల్లెక్కడని అడిగితే, "ఏ సీమోను? కొట్టే సీమోనా?" అని ఎదురడిగేవారు. ఊళ్లో ఇంకో సీమోను కూడా ఉన్నాడు, ఆయన చర్చిలో పాటలు పాడతాడు. మనవాడు కొడతాడు. మీసం సరిగా రాకముందే మొదలైన అలవాటు అది. కంకర మిల్లులో మేస్త్రీ చెంప, ఆరాంఘర్ చౌరస్తాలో ఆటోవాడి ముక్కు, సొంత పెళ్లిలో కూర మాడ్చిన వంటవాడి నడుము, ఏదీ వదల్లేదు. అన్యాయంగా ఒక్కణ్ని కూడా ముట్టలేదని బైబిలు మీద చెయ్యేసి చెబుతాడు. కాకపోతే న్యాయమా అన్యాయమా అని తేలేలోపే ఆ చెయ్యి లేచి దిగిపోయేది.

భార్య జెరూషా మాత్రం ఆ చేతిని చూసి ఏనాడూ భయపడలేదు. ఇంట్లో అది లేవదు. "బయటోళ్లందరి మీద లేస్తది, నా చీపురు కట్టని చూస్తే పండుకుంటది," అని నవ్వేది. ఆమె పోరు పెట్టి పెట్టి, సరుకులెత్తే బండి, అదే ఫోర్క్‌లిఫ్ట్ నేర్చుకోమని పంపింది. విమానాశ్రయం దగ్గర సరుకు గోదాములో ఉద్యోగం దొరికిన రోజున సీమోను ఈఎస్ఐ కార్డును ఇంటిల్లిపాదికీ చూపించాడు. కార్డు ఉంటే దవాఖానలో అంతా ఉచితమేనని, పడుకున్నా జీతం వస్తుందని, చేరిన రోజు నుంచే అన్నీ వచ్చేస్తాయని బావమరిది బ్లెసన్‌కి పాఠం చెప్పాడు. బ్లెసన్ కూడా అదే గోదాములో హమాలీ. అందులో సగం నిజమే. మిగతా సగం సంగతి ఇద్దరిలో ఒక్కడికీ తెలియదు.

హమాలీల ముఠాకు మేస్త్రీ లక్ష్మణ్. ఎత్తరి, బలిసిన మెడ, నోరు తెరిస్తే తల్లిని తిట్టకుండా మూయడు. సీమోను చేరి నెల తిరగక ముందే ఒక మధ్యాహ్నం, ఆఫీసువాళ్లు భోజనానికి పోయిన వేళ, లారీవాడు తొందరపెడుతున్నాడని, సరుకు పేర్చిన ఒక చెక్క ప్యాలెట్‌ను పైకి లేపమన్నాడు. దాని అడుగు చెక్క విరిగి ఉంది. అవతల చంద్రమ్మ అనే ముసలామె వంగి నేల ఊడుస్తోంది.

"చెక్క ఇరిగింది. లేపితే ఆమె మీద పడతది," అన్నాడు సీమోను.

"నువ్వు డ్రైవరువా, ఇంజినీరువా? లేపురా!"

"లేప."

లక్ష్మణ్ సీమోను తల్లిని ఒక మాటన్నాడు. సీమోను బండి దిగాడు. మొదటి దెబ్బ లక్ష్మణ్‌దే, కానీ రెండోది అందుకు తగ్గట్టే పడింది. లక్ష్మణ్ పన్ను ఊడి పెదవి చీలి, గడ్డమంతా నెత్తురైంది. ముఠావాళ్లు ఇద్దరు సీమోనును వెనక నుంచి పట్టుకున్నారు. లక్ష్మణ్ షట్టరు కింద ఉన్న ఇనుప రాడ్డు తీసుకున్నాడు. సీమోను కుడి చేతిని బండి బానెట్ మీద పరిచి పట్టించి, పచ్చిమిరపకాయలు దంచినట్టు దంచాడు. ఎముకలు పటపటమన్న చప్పుడు చంద్రమ్మ దాకా వినబడింది. సీమోను కేక పెడుతూనే ముందుకు వంగి, లక్ష్మణ్ ముంజేయి కండను కొరికి పట్టుకున్నాడు. వాళ్లు తల మీద గుద్దితే గానీ వదల్లేదు.

బ్లెసన్ పరుగెత్తుకొచ్చేసరికి బావ నెత్తుటి మడుగులో కూర్చుని, తన చేతిని తానే గుర్తుపట్టనట్టు చూసుకుంటున్నాడు.

మన దగ్గర నెత్తురోడుతూ దవాఖానకు పోయిన మనిషిని ఎలా దెబ్బ తగిలిందని అడిగితే, నూటికి తొంభైమంది చెప్పేది ఒకే మాట: బండి జారింది. కొట్లాట అంటే పోలీసు కేసు. కేసంటే కోర్టు, కోర్టంటే పనికి నాగా. ఇది ఎవరూ ఎవరికీ నేర్పరు, అందరికీ వచ్చు. పైగా సీమోను మీద పాత ఆటో కేసు ఒకటి ఉండనే ఉంది. లక్ష్మణ్ పన్ను ఊడగొట్టి కండ కొరికాడు, పోలీసులొస్తే బావనే ముందు లోపలేస్తారని బ్లెసన్‌కి భయం వేసింది. క్యాజువాలిటీలో డాక్టరు అడగ్గానే, "మంఖాల్‌ల చుట్టాల ఇంటికి పోతుంటే బండి జారింది సార్. లారీ టైరు చెయ్యి మీదికెళ్లి పోయింది," అన్నాడు. నొప్పికి కళ్లు తేలేసిన సీమోను కూడా తలూపాడు.

రెండు వేళ్లు తీసేశారు. మిగిలినవి వంగవు. అన్నం కలుపుకోవడానికే రాని చెయ్యి లివరు లాగడానికేం పనికొస్తుంది? జెరూషా ముద్దలు చేసి పెడుతుంటే సీమోను గోడ వైపు తిరిగి తినేవాడు. తిండి పెట్టించుకునే సిగ్గుకన్నా రేపటి భయం పెద్దది. ఒంటి కష్టం తప్ప వేరే పని రానివాడు, ఇక జన్మంతా ఎలా బతకాలి?

కట్టుతోనే గోదాము ఆఫీసుకు పోయి, ఉద్యోగుల వ్యవహారాలు చూసే రేవతి ముందు కూర్చున్నాడు. భీమవరం నుంచి వచ్చి స్థిరపడిన మనిషి, ఎవరినైనా గారూ అనే పిలుస్తుంది.

"చూడండి సీమోను గారూ, వైద్యం మీకు ఎలాగూ అందుతుంది. కానీ మామూలు జబ్బుకో, సొంత ప్రమాదానికో సెలవులో జీతం రావాలంటే కొంతకాలం చందా కట్టి ఉండాలి. దెబ్బ తగిలేనాటికి మీరు చేరి నెల కూడా కాలేదు కదా, అది రాదు."

"మరి నా చెయ్యి పోయింది కద మేడమ్?"

"అదే చెబుతున్నాను. పనిలో తగిలిన దెబ్బ అయితే ఈ గడువులేవీ ఉండవండి. చేరిన మొదటి రోజు తగిలినా అర్హులే. మంచం మీదున్నన్నాళ్లూ డబ్బు వస్తుంది, చెయ్యి ఎంత పోయిందో మెడికల్ బోర్డు డాక్టర్లు తేల్చాక జీవితాంతం నెలనెలా వస్తుంది. కానీ ఆసుపత్రి కాగితాల్లో మీరు మంఖాల్లో చుట్టాలింటికి వెళ్తూ పడ్డారని ఉంది. అది పని ఎలా అవుతుందండీ?"

పక్కన నిలబడ్డ బ్లెసన్ కిందికి చూశాడు. ఇద్దరూ జరిగింది జరిగినట్టు చెప్పేశారు. రేవతి పెన్ను మూత తీసి అంతా రాసుకుంది.

"అయితే పోలీసులకు నిజం చెప్పండి. నేనూ పైకి రాస్తాను. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. గొడవ పని గురించే వచ్చిందని తేలాలి. మీకూ మేస్త్రీకీ సొంత పగ ఉందని ఎవరైనా చూపించారో, అక్కడితో అయిపోతుంది. దయచేసి ఇప్పుడు మళ్లీ కొట్లాటకు దిగకండి. ఒక్క దెబ్బ కూడా వద్దు."

ఒక్క దెబ్బ కూడా వద్దని సీమోనుకు చెప్పడం!

సోమవారం స్టేషనుకు పోదామనుకున్నారు. ఆదివారం సాయంత్రం సీమోను స్వస్థత కోసం ఇంట్లోనే ప్రార్థన పెట్టారు. వాకిట్లో చాపలేశారు, గల్లీ అంతా వచ్చింది. పలకరించిపోదామని అరటిపళ్లు పట్టుకుని చంద్రమ్మ కూడా వచ్చి ఒక మూలన కూర్చుంది. రెండో పాట మొదలైందో లేదో లక్ష్మణ్ ముఠావాళ్లిద్దరితో లోపలికొచ్చాడు. సంగతి ఎలాగో వాడి చెవిన పడింది. ఫిర్యాదు అయితే వాడికి జైలు, ముఠాకు ఉద్వాసన.

రావడం రావడమే బ్లెసన్ గొంతు పట్టుకుని గోడకేసి కొట్టాడు. "బండి జారిందని నువ్వే చెప్పినవ్ గదరా! అదే మాట మీదుండాలె. లేకపోతే నాలుక కోస్త!"

సీమోను లేచాడు. ఎడమ చెయ్యి దానంతటదే పిడికిలి అయింది. లక్ష్మణ్ చూసి నవ్వి, కట్టు మీదే ఎగిరి తన్నాడు. సీమోను కళ్ల ముందు నల్లబడింది. కిందపడ్డవాణ్ని డొక్కలో తన్నాడు, మొహం మీద తన్నాడు. కట్టు మళ్లీ ఎర్రబడింది. గల్లీ అంతా ఊపిరి బిగబట్టి కొట్టే సీమోను లేవడం కోసం చూసింది. లేచాడు. కొట్టలేదు. పిడికిలిని నడుముకు అదిమిపెట్టి, నోట్లో నెత్తురు ఉమ్మి అడిగాడు.

"ఎందుకు కొడుతున్నవే లక్ష్మణన్నా? అది చెప్పు. నాకూ నీకూ ఏం పగ?"

"పగేందిరా కుక్కా! నీ మొహానికి పగొకటా?" లక్ష్మణ్ సీమోను చెంప పగలగొట్టాడు. "ప్యాలెట్ లేపమంటే లేప అన్నవ్! నా ముఠా ముందట నాకే ఎదురు చెప్తవ్? గందుకు ఇరగ్గొట్టిన చెయ్యి. ఇంకోటి గూడ ఇరగ్గొడ్త!"

అంతమంది విన్నారు. పాస్టరు విన్నాడు. అంతవరకూ కొంగు నోట్లో కుక్కుకున్న చంద్రమ్మ లేచి నిలబడింది. "నా మీద పడతదనే లేపలే కొడుకా ఆయన. నేను సూసిన. ఎక్కడన్న జెప్త!"

లక్ష్మణ్ ఆ ముసలామెను చెంప మీద కొట్టాడు. ఆమె అరటిపళ్ల మీద కూలబడింది. బ్లెసన్‌కి పిచ్చెత్తింది. తలుపు దగ్గరున్న పొత్రం రాయి రెండు చేతులా ఎత్తి లక్ష్మణ్ నెత్తి మీదికి పరుగెత్తాడు. పడితే తల కొబ్బరికాయలా పగిలేది. సీమోను అడ్డంపడి బావమరిదిని కౌగిలించి పట్టుకున్నాడు, విరిగిన చెయ్యి కూడా వేసి. "ఇడువు బావా! చంపుత!" అని బ్లెసన్ గింజుకుంటున్నాడు. వెనక నుంచి ముఠావాళ్లు సీమోను వీపు మీద కుర్చీ విరిగేదాకా కొట్టారు. సీమోను పళ్లు కొరుక్కున్నాడే తప్ప పట్టు వదల్లేదు.

అప్పుడు కదిలింది గల్లీ. ఆడవాళ్లు చీపుర్లతో, మగవాళ్లు చేతికందిన దానితో ముగ్గురినీ తరిమి, పోలీసులొచ్చేదాకా కరెంటు స్తంభానికి కట్టేశారు.

ఆ హడావిడి అంతా అయ్యాక జెరూషా మొగుడి మొహం తుడుస్తుంటే, సీమోను పిల్లాడిలా భోరుమన్నాడు. "నొస్తుందా?" అందామె.

"నొప్పి కాదే. ఒక్కటన్న కొట్టకపోతిని. అంతమంది సూస్తుండగ."

ఆమె తడిగుడ్డ పిండి మళ్లీ తుడిచింది. ఇన్నేళ్లూ కొట్టొద్దని పోరిన మనిషి, ఆ పూట తనే రెండు తగిలించి ఉండాల్సిందని లోపల కుమిలిపోయింది.

పోలీసుల ముందు బ్లెసన్ తాను దవాఖానలో అబద్ధమాడానని ఒప్పుకున్నాడు. చంద్రమ్మ, పాస్టరు సాక్ష్యం చెప్పారు. విచారణలు, తిరుగుళ్లు చాలా అయ్యాయి. చివరికి అది పనిలో తగిలిన దెబ్బేనని ఒప్పుకుని, సీమోనుకు జీవితాంతం నెలనెలా డబ్బు మంజూరు చేశారు. ఈలోగా లక్ష్మణ్ బెయిలు మీద బయటికొచ్చి ఆరాంఘర్‌లో టీ బండి పెట్టుకున్నాడు. గల్లీలో తాగుబోతులు "కొట్టే సీమోను కాదురా, తన్నులు తినే సీమోను," అని వినబడేలా అనుకుంటున్నారు.

మంజూరైన కబురు చెప్పడానికి రేవతి పిలిపించింది. అంతా విని సీమోను లేవబోతూ ఆగాడు.

"మేడమ్, ఇగ డబ్బు ఆగదు గద?"

"ఆగదండి. నిశ్చింతగా ఉండండి."

"అయితే ఇప్పుడు వాణ్ని ఒక్కటి కొట్టొచ్చా?"

రేవతి పకపకా నవ్వింది. "వద్దండి బాబూ, కోర్టులో కేసు నడుస్తోంది."

సీమోను నవ్వలేదు. ఇంటికి పోయే బస్సు ఆరాంఘర్ మీదుగా పోయింది. చౌరస్తాలో ఆగినప్పుడు, కిటికీలోంచి లక్ష్మణ్ ఎవరికో టీ పోస్తూ నవ్వుతూ కనిపించాడు. బస్సు కదిలేదాకా సీమోను ఎడమ చేతిని తొడ కింద పెట్టుకుని, దాని మీద బరువంతా వేసి కూర్చున్నాడు.