చెవి వెనుక పిడుదు

మా బిడ్డను పిడుదు కరిచిన సంగతి మొదలు సూసింది నేనే. నూనె రాసి తల దువ్వుతుంటే ఎడమ చెవి వెనుక, వెంట్రుకల సందుల, పెసరగింజంత ఉబ్బు దువ్వెనకు తాకింది. పులిపిరేమో అనుకున్న. గోరుతోని కదిలిస్తే దానికి కాళ్లున్నయ్. "థూ!" అని దువ్వెన ఇసిరేసి, "అత్తమ్మా, జర ఇటు రా!" అని అరిచిన.

అత్తమ్మ కొట్టంల పాలు పిండుతుండె. చేతులు కొంగుకు తుడుసుకుంట నిమ్మలంగ వచ్చింది, సూసి నవ్వింది. "బర్రెలున్న ఇంట్ల పిడుదు కరవక పులి కరుస్తదా? గింతదానికి నాచారం అంత ఇనవడేటట్టు అరుస్తున్నవ్" అన్నది. వత్తుల స్టవ్వు మూత తీసి, గుడ్డపేలికను గాసునూనెల ముంచి పిడుదు మీద అద్దింది. కొంచెంసేపు ఆగి రెండు గోర్ల నడుమ పట్టి గుంజింది. బిడ్డ కెవ్వుమన్నది. పిడుదును అరుగు మీద పెట్టి రాయితోని నలిపితే నల్లటి నెత్తురు చిట్లింది. అది మా బిడ్డ నెత్తురే. కరిచిన కాడ పసుపు, సున్నం కలిపి పెట్టింది. పొద్దుగూకే సరికి ఇంట్ల అందరం మర్సిపోయినం.

ఎనభైలు ముగిసిపోతున్న కాలం. నాచారం పాత ఊర్ల మా అత్తగారిల్లు. ముందట రెండు అర్రలు కిరాయికిచ్చి నడుమల మేముంటుంటిమి, ఎనక బర్రెల కొట్టం. మా ఆయనకు ఫ్యాక్టరీల షిఫ్టు పని. సైరన్ మోగితే మా ఇంట్ల పొయ్యి ముట్టిచ్చేది, సైరన్ మోగితే దించేది. మామ పోయిన కాడినుంచి అత్తమ్మ బర్రెలను నమ్ముకొనే బతికింది. హబ్సిగూడ దాక పాలు పోసేది. అసొంటి ఆడమనిషి మాట ఇంట్ల ఎవరు దాటుతరు?

మా బిడ్డకు అప్పుడు రెండేండ్లు దాటినయ్. దానికి రెండే పిచ్చులు, ఒకటి దూడ, ఒకటి డప్పు. దూడ మెడ పట్టుకొని గడ్డిల్నే పండేది. గల్లీల డప్పు ఇనవడితే సాలు, నోట్లె బువ్వ ముద్ద ఉన్నా సరే, గడప కాడికి ఉరికి రెండు చేతులు ఎత్తి ఎగిరేది. పెండ్లి పోతున్నా ఎగురుడే, పీనుగు పోతున్నా ఎగురుడే. "ఓసి నీ పాడుగాను, పీనుగు ముందట ఎగురుతవానే!" అని అత్తమ్మ లోపలికి గుంజుకొచ్చేది. మళ్ల తనే నవ్వి, "ఇది ఒగ్గుకథోళ్ల ఇంట్ల పుట్టవలసింది, దారి తప్పి మన ఇంటికొచ్చింది" అని ముద్దు పెట్టుకునేది. అత్తమ్మకు అదంటే పానం. ఆ మాట చెప్పకుంటే నేను అబద్ధమాడినట్టయితది.

తర్వాత కొన్ని దినాలకు బిడ్డకు జరమొచ్చింది. కట్టెలెక్క కాలిపోయింది. మూలమీది డాక్టరు సీసాల ఎర్రమందు ఇచ్చిండు. మందు తాగితే దిగుతది, మళ్ల ఎక్కుతది. తర్వాత ఒకనాడు పొద్దున ఒళ్లు తుడుస్తుంటే మణికట్ల మీద, చీలమండల మీద ఎర్రటి మచ్చలు కనపడ్డయ్. అత్తమ్మను పిలిచిన.

ఈసారి అత్తమ్మ నవ్వలేదు. సూడంగనే రెండు చేతులు జోడిచ్చింది. గొంతే మారిపోయింది. "వచ్చినవా తల్లీ! మా ఇంటికొచ్చినవా! సల్లగ సూడు తల్లీ, సల్లగ వచ్చి సల్లగ పో" అన్నది. పిడుదు గుంజిన ఆ చేతులతోనే బిడ్డకు దండం పెట్టింది.

ఇంక చెప్పేదేమున్నది. ఒంటి మీద పొక్కొస్తే పోచమ్మ తల్లి వచ్చినట్టే. ఇంటి ముందట వేపకొమ్మలు కట్టిన్రు. పోపు బందు, నూనె బందు. మా ఆయన గడ్డం గీసుకునుడు బందు. ఎర్రమందు సీసను అత్తమ్మ ఎత్తుకపోయి మోరీల ఒంపింది. తల్లి ఒంటి మీదున్నప్పుడు గోలీ వద్దు, సూది వద్దు, దవాఖాన పేరే ఎత్తొద్దు. సూది పొడిపిస్తే తల్లికి కోపమొచ్చి బిడ్డను తీస్కపోతదట. వేపాకుల మీద పండవెట్టి, వేపమండతోని ఇసురుకుంట, "ఏం గావాలె తల్లీ, మజ్జిగ తాగుతవా తల్లీ" అని అడుగుడు. నా బిడ్డను నేను "ఓ పొల్లా" అని పిలిచేటట్టు లేకుండె. "తల్లిని గట్ల పిలుస్తరా?" అని కసిరిచ్చింది. కన్నది నేను, నాలుగు దిక్కుల నుంచి దండాలు పెట్టించుకునేదేమో ఇంకెవరో! నా ఒళ్లు మండిపోయింది.

నాకు చిన్నప్పుడు తల్లి పోసింది. నాకెరుక. ముందుగాల కడుపు మీద, ఈపు మీద వస్తయ్, నీళ్లు పడుతయ్, దురద పెడుతయ్. దీనికి చేతుల కాడ, కాళ్ల కాడ షురువైనయ్. అరచేతులల్ల, అరికాళ్లల్ల గూడ మచ్చలే. నీళ్లు లేవు, దురద లేదు. "అత్తమ్మా, ఇది తల్లి గాదు, సూడు, ఒక్కదాంట్ల నీళ్లున్నయా?" అని అరచెయ్యి సాపి చూపిచ్చిన. "పోచమ్మలు ఏడుగురు అక్కచెల్లెండ్లు, ఒక్కొక్కరిది ఒక్కొక్క తీరు. నీకు నీళ్లక్క వచ్చింది, దీనికి ఎర్రక్క వచ్చింది. ఎక్కువ మాట్లాడకు, తల్లి ఇంటున్నది" అన్నది.

మా ఆయనను అడిగిన. ఆయన సంగతి పాము సావొద్దు, కట్టె ఇరగొద్దు. నా ముందట "దవాఖానకు పోవాలె, నిజమే" అంటడు. వాళ్లమ్మ ముందట "నువ్వెట్లంటే గట్లనే అమ్మా" అంటడు. సైరన్ మోగంగనే సైకిలెక్కి ఫ్యాక్టరీకి పోతడు. ఆ సైరన్ ఆయనకు దేవుడిచ్చిన వరం.

ముందటి అర్రలల్ల కిరాయికున్నామె కోస్తా దిక్కు మనిషి. మొగడు పెద్ద సర్కారు కంపెనీల ఇంజనీరు, ఆమె బడిల టీచరు. చదువుకున్నామె గదా, అత్తమ్మకు రెండు మాటలు చెప్తదేమో అనుకొని నడిమి గోడ మీంచి పిలిచిన. ఆమె దూరంనుంచే చెంపలేసుకున్నది. "మా వైపూ అంతేనండీ. అమ్మవారు పోస్తే ఇంగ్లీషు మందు ముట్టించకూడదు. పది రోజులు ఓపిక పట్టండి, ఆవిడే వెళ్లిపోతుంది" అన్నది. మర్నాడు పిల్లలను తోలుకొని సుట్టాలింటికి పోయింది.

అత్తమ్మ ఎందుకంత గట్టిగ పట్టిందో నాకు తెలువక కాదు. మా ఆయన కన్న ముందుగాల ఆమెకు ఒక కొడుకుండె. వానికి పెద్ద తల్లి, అదే మశూచి, పోసినప్పుడు మామ ఇనకుండ సైకిల్ మీద దవాఖానకు తీస్కపోయిండు. సూది పొడిచిన్రట. పోయిన సైకిల్ మీదనే పిలగాని పీనుగొచ్చింది. అప్పటినుంచి ఆమెకు సూదంటే సావే. పాపం అనిపిస్తది. కానీ పాపం అనుకుంట కూసుంటే ఇక్కడ నా బిడ్డ పోతున్నది గదా!

బిడ్డ మజ్జిగ తాగుడు బందు జేసింది. కాళ్లు చేతులు ఉబ్బినయ్. మచ్చలు ఎరుపు పోయి నలుపు తిరిగినయ్. దూడను తెచ్చి మంచం పక్కన నిలవెట్టినా కండ్లు తెరవలేదు. పగటీలి బువ్వ యాళ్లకు దాని దవడలు గట్టిగ పట్టుకపోయినయ్, కండ్లు పైకి పోయినయ్, ఒళ్లంత కొట్టుకున్నది. అత్తమ్మ "తల్లి ఆడుతున్నది" అని పసుపునీళ్లు సల్లింది. నాకు ఇంక ఏది కనపడలే. బిడ్డను సీరకొంగుల సుట్టి ఎత్తుకున్న.

అత్తమ్మ ఉరికొచ్చి గడపకు అడ్డం కూసున్నది. కాళ్లు సాపింది. "పోతే నన్ను దాటి పో" అన్నది. మా దిక్కు పెద్దమనుషుల కాళ్లు దాటుడంటే సంపినదాని కింద లెక్క. నేను దాటిన. వేపకొమ్మలు మొఖానికి తాకితే ఒక్క చేత్తోని గుంజి పారేసిన.

రోడ్డుకొచ్చి ఆటో ఆపిన. ఎక్కి కూసునేలోపల పక్కన ఎవరో ఎక్కిన్రు. సూస్తే అత్తమ్మ. కాళ్లకు చెప్పుల్లేవు, కొప్పు ఊడిపోయింది. బిడ్డ కాళ్లు రెండు ఒళ్లె పెట్టుకొని, నాచారం కాడినుంచి పెద్ద దవాఖాన దాక అరికాళ్లు రాసుకుంటనే కూసున్నది.

దవాఖానల డాక్టరమ్మ చిన్న వయసుది. అరచేతులు సూసింది, అరికాళ్లు సూసింది. "ఇంట్ల కుక్కగాని, పశువులుగాని ఉన్నయా?" అని అడిగింది. ఉన్నయన్న. తలంత ఎతికింది. ఎడమ చెవి వెనుక వెంట్రుకలు పక్కకు జరిపితే, అగ్గిపుల్ల తలకాయంత నల్లటి పొక్కు. "ఇక్కడ ఏం కరిచింది?" అన్నది. "పిడుదు" అన్న. మేం మర్సిపోయిన పిడుదు.

"ఇది అమ్మవారు కాదమ్మా, పిడుదు కాటు జ్వరం. మందున్నది దీనికి. మొదట్లనే వస్తే గోలీలతోనే పోయేది. ఇంత ముదిరేదాక ఇంట్ల పెట్టుకొని ఏం చేస్తున్నవ్? తల్లివేనా నువ్వు?" అని అందరి ముందట అరిచింది. నేను నోరు తెరిచేలోపల అత్తమ్మ ముందటికొచ్చింది. "దాన్నేమనకు బిడ్డా. అది తెస్తనే అన్నది. ఆపింది నేను" అన్నది. డాక్టరమ్మ నర్సును కేకేసింది.

సూదులు పొడిచిన్రు, సీసలు ఎక్కిచ్చిన్రు. ఒక్కో సూదికి అత్తమ్మ కండ్లు మూసుకొని గోడకు మొఖం పెట్టి నిలవడ్డది. ఆ గోడ కాడనే మొక్కుకున్నది. బిడ్డ బతికి బయటపడితే ఈ ఆషాఢంల కోడలి నెత్తిన బోనం ఎత్తిపిస్తనని. నా నెత్తి గురించి నన్నడగలేదు.

బిడ్డ బతికింది. కండ్లు తెరిచి నన్ను సూసి ఏడ్సినప్పుడు నేను దవాఖాన బండల మీద కూలవడి ఏడ్సిన. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ, "జ్వరం మెదడు దాక పోయి వచ్చింది, ఏదన్న తేడా కనపడితే ఎంటనే తీస్కరాండ్రి" అన్నది. ఏం తేడానో అడగాలని మాకు తట్టలే. బిడ్డ పానంతోని ఉన్నది, ఇంక తేడా ఏంది?

ఇంటికొచ్చినంక అత్తమ్మతోని మస్తు కొట్లాడిన. "బతికిచ్చింది సూది, తల్లి గాదు" అన్న. "ఆ సూది పనిజేసేటట్టు జేసింది ఎవరే మరి?" అన్నది. ఆమె నోటికి నేనెప్పుడు సరిపోలే. కానీ ఆనాటినుంచి కొట్టంల గాని, బిడ్డ తలల గాని ఒక్క పిడుదును ఉండనియ్యలే. పొద్దున, మాపటీలి బిడ్డను ఒళ్లె ఏసుకొని వెంట్రుక వెంట్రుక ఎతికేది.

బిడ్డ మాత్రం ముభావంగ అయింది. వచ్చిన నాలుగు మాటలు గూడ బందు జేసింది. పిలిస్తే పలుకది. ముందటికి పోయి ఎత్తుకుంటే నవ్వుతది. "సూదులు పొడిపిచ్చినమని అలిగింది. పొల్లకు మా అత్త మొండితనం వచ్చింది" అన్నది అత్తమ్మ. మేం గూడ గట్లనే అనుకున్నం. కొన్నిమాట్ల నేను కోపానికొచ్చి, "ఎన్నిసార్లు పిలవాలె నిన్ను!" అని వీపు మీద ఒక్కటి ఏసిన.

ఆషాఢమొచ్చింది. బోనం ఎత్తుకోనని మొండికేసిన. కన్నబిడ్డను సంపబోయిన వేపకొమ్మకు నేను దండం పెట్టాల్నా? మా ఆయన బతిమాలిండు. ఆఖరుకు అత్తమ్మ, "తల్లి కోసం వద్దు. దవాఖానల బిడ్డ కండ్లు తెరిచింది సూడు, దాని కోసం ఎత్తుకో" అన్నది. ఎత్తుకున్న.

నెత్తి మీద బోనం, బోనం మీద దీపం, రెండు చేతులు మీదికెత్తి పట్టుకొని ఆడోళ్ల వరుసల నడుస్తున్న. అత్తమ్మ బిడ్డ చెయ్యి పట్టుకొని నా ముందట నడుస్తుండె. గుడి మలుపు కాడ అత్తమ్మ దాని చెయ్యి ఇడిసిపెట్టి, "ఎగురు బిడ్డా, ఇయ్యాల్ల డప్పంత నీదే" అని మురిసింది. బిడ్డ వంగి, కిందపడ్డ బంతిపువ్వు ఏరుకొని రోడ్డు మీదనే కూసున్నది.

డప్పులోళ్లు మలుపు తిరిగి దాని ఈపు వెనుకకు వచ్చిన్రు. ఒక్కసారిగ దరువేసిన్రు. నా గుండెలదిరినయ్. సంకల ఉన్న పసిపిల్లలు జడుసుకొని ఏడ్సిన్రు. బిడ్డ పువ్వు రెక్కలు పీకుతనే ఉన్నది. డప్పు కొట్టేటాయనకు దాని ఆట ఎరుకే. గల్లీలకు వచ్చినప్పుడల్ల దాన్ని ఎగిరిచ్చేటోడు. "రావే చిన్న దొరసానీ!" అని వంగి, దాని చెవి పక్కనే డప్పు పెట్టి కొట్టిండు. అది తల ఎత్తలే.

"బిడ్డా!" అని అరిచిన. నా జన్మల గంత గట్టిగ అరవలేదు. బోనాలెత్తిన ఆడోళ్లంత ఆగి నా దిక్కు తిరిగిన్రు. అరుగుల మీద ఉన్నోళ్లు తిరిగిన్రు. అత్తమ్మ తిరిగింది. ఒక్క నా బిడ్డ తిరగలే.

అత్తమ్మ దాని తల వెనుక వంగి చేతులు చరిచింది. మళ్ల చరిచింది. లేచి నా కాడికొచ్చేసరికి ఆమె మొఖంల నెత్తురు సుక్క లేదు. రెండు చేతులు సాపి నా నెత్తి మీది బోనం అందుకున్నది. "మొక్కు నాది. నేను మోస్త. నువ్వు దాని కాడికి పో" అన్నది.

పోయి బిడ్డ ముందట కూలవడ్డ. నా మొఖం కనపడంగనే అది నవ్వి, సగం రెక్కలూడిన బంతిపువ్వు నాకు ఇచ్చింది. వెనుక డప్పులు మోగుతనే ఉన్నయ్.