పటేల్ గేటు ముందు మా మేనత్త జీపు

పోయిన శుక్రవారం పొద్దున మా మేనత్త చనిపోయింది. మానుకోట నుంచి ఫోన్ వచ్చేసరికి నేను జనగామలో బడికి బయల్దేరుతూ చెప్పులు వేసుకుంటున్నాను. నిద్రలోనే పోయిందట. ఎవరి చేతా చేయించుకోకుండా పోయింది, అదృష్టవంతురాలు అని ఫోన్ చేసిన పక్కింటి ఆమె అన్నది. నేను ఒక చెప్పు కాలికి, ఒకటి చేతిలో పట్టుకుని గడప మీద కూలబడ్డాను.

ఆ రోజు సాయంత్రం అంత్యక్రియలకు పటేల్ వచ్చాడు. నెల్లికుదురు వైపు భూములున్న మనిషి, ఇప్పుడు ముసలివాడయ్యాడు. చేతికర్ర, మెడలో కండువా. మా అత్త మీద పూలదండ వేసి, అడగకుండానే నాలుగు మాటలు మాట్లాడాడు. “ఈమె, నేను తెలంగాణ కోసం ఒక్కతాన కూసోని కొట్లాడినోళ్లం. ఆమె మనసుల ఎవల మీద ఇసుమంత కోపం లేకుండె. గసొంటి మనిషి మల్ల పుట్టది.”

అందరూ తలలూపారు. నాకు ఒళ్ళు మండిపోయింది. పీనుగ ముందు లొల్లి ఎందుకని అక్కడ నోరు మూసుకున్నాను. ఇక్కడ మూసుకోను. మా అత్తకు కోపం ఉండేది. చచ్చేదాకా ఉండేది. అది ముమ్మాటికీ ఆ పటేల్ మీదనే. ఆమెను నెమ్మదస్తురాలిని చేసి సాగనంపడం అంటే ఆమె బతుకును దొంగిలించడమే. అందుకే ఇది రాస్తున్నాను.

మా మామ, అంటే అత్త భర్త, జీపు నడిపేవాడు. మానుకోట నుంచి గంగారం అడవి ఊళ్ళకు జనాన్ని చేరవేసేవాడు. ఎనుకటి జీపు, ఎవరో వాడి వదిలేస్తే అప్పు చేసి కొన్నాడు. కొత్తగా పెళ్ళైన ఆడపిల్లలు, ఆస్పత్రికి వెళ్ళే ముసలివాళ్ళు, మేకపిల్లలు, యూరియా బస్తాలు అన్నీ అందులోనే ఎక్కేవి. ముందు సీట్లో మాత్రం ఎప్పుడూ చోటు మిగిల్చేవాడు. అత్తకు బుద్ధి పుట్టినప్పుడు ఎక్కి గంగారం దాకా వెళ్ళి రావాలి. ఆ సీటు కోసం ఎవరెంత బతిమాలినా ఇచ్చేవాడు కాదు.

ఒక ఎన్నికలప్పుడు పటేల్ ఆ జీపు అడిగాడు. ప్రచారానికి రెండు రోజులు ఇస్తే చాలన్నాడు. కాదనగల మనిషి కాదు కదా, మామ ఇచ్చాడు. పటేల్ మనుషులు తాగి, దాన్ని కల్వర్టు మీంచి వాగులోకి పల్టీ కొట్టించారు. నాలుగో రోజు ట్రాక్టరుకు గొలుసు కట్టి ఈడ్చుకొచ్చి, మా అత్త వాకిట్లో వదిలేసి వెళ్ళారు. మామ అడగడానికి పోయాడు. పొద్దున పోయినవాణ్ణి పొద్దుగూకేదాకా గేటు బయటే నిలబెట్టారు. చీకటి పడే ముందు పటేల్ బయటికి వచ్చి ఒక్క మాట అన్నాడు. “గది బండి అంటరా? ఇనుము. తుక్కోనికి కిలోల లెక్కన అమ్ముకో, పో.”

మామ ఇంటికొచ్చి ఆ మాట అత్తకు చెప్పాడు. ఆ తర్వాత జీపు గురించి మాట్లాడలేదు, దాని వైపు చూడలేదు. వేరేవాళ్ళ ట్రాక్టరుకు కూలికి పోయాడు. రెండేళ్ళు తిరక్కుండా జ్వరంతో పోయాడు. జ్వరంతోనే పోయాడని డాక్టర్ అన్నాడు, మా బాపు అన్నాడు, అందరూ అన్నారు. అత్త ఒక్కతే అనలేదు. నేనూ అనను.

దినాలు అయిపోయిన మరునాడు మా బాపు, “చెల్లె, ఆ ఇనుమును తీసేయిద్దాం, వాకిలి ఖాళీ అయితది” అన్నాడు. అత్త అన్నం తింటున్నది. చెయ్యి ఆపలేదు. “అన్నా, దాన్ని నువ్వు కూడ ఇనుము అనకు. అది నడుస్తది. నేనే నడుపుత. పటేల్ గేటు ముందట నిలబెట్టి, ఆయన నోటితోని బండి అనిపిస్త” అన్నది. బాపు నవ్వాడు. ఆ రోజుల్లో నవ్వనివాళ్ళెవరో నాకు గుర్తు లేదు.

అత్తకు ఉన్నది రెండు బర్రెలు, ఎకరం కన్నా తక్కువ మెట్ట చెలక. పాలమ్మిన డబ్బుల్లో తిండికి పోగా మిగిలిందే జీపుకు. ఒక నెల చక్రం, ఇంకో నెల ఏమీ లేదు, మరో నెల రేడియేటరు. తాటికమ్మల పందిరి వేసి దాన్ని నీడకు పెట్టింది. తన ఇంటి పని అంతా డ్రైవర్ సీట్లో కూర్చునే చేసేది. బియ్యం ఏరడం, చింతపండు గింజలు తీయడం, చిరిగిన రవికె కుట్టుకోవడం. వెనక సీట్లో కోళ్ళు గుడ్లు పెట్టేవి. స్టీరింగు తుప్పు పట్టి బిగుసుకుపోకుండా రోజూ నూనె రాసి అటూ ఇటూ తిప్పేది. దారిన పోయేవాళ్ళు “ఎక్కడిదాక పోయినవ్ అక్కా?” అని ఎగతాళి చేస్తే, “నెల్లికుదురు దాక” అనేది, తలెత్తకుండా.

అప్పుడప్పుడు ఒక గోనెసంచీ భుజాన వేసుకుని ప్యాసింజర్ రైల్లో జనగామ వచ్చేది. అప్పటికి నేను లింగాల ఘనపూర్ బడిలో పంతులమ్మను, కాపురం జనగామలో. సంచీలో జీపు భాగం ఏదో ఒకటి ఉండేది. లేత్ షాపుకు తీసుకుపోయేదాన్ని. ఒకసారి ఆ షాపతను దాన్ని తిరగేసి చూసి, “అమ్మా, గిది బాగు చేసుడు కన్న కొత్తది కొనుడు నయం” అన్నాడు. అత్త, “కొత్తది నాకు కొడుకా, బిడ్డా? నాకు గిదే కావాలె” అన్నది. ఎంతసేపైనా సరే, పని అయ్యేదాకా అక్కడే ఇనుప పొట్టులో గొంతుక్కూర్చుని ఉండేది.

అంత పట్టుదల రోజూ ఎలా ఉంటుందని మీరడగవచ్చు. ఉండేది కాదు. ఆమె మనిషే. బర్రె వట్టిపోయినప్పుడు, చెలకలో ఏమీ రానప్పుడు, “ఇంక నాతోని కాదు బిడ్డా” అని ఫోన్లో ఏడ్చేది. అప్పుడు ఆమె చేసే పని ఒకటుండేది. బస్సెక్కి పటేల్ ఊరికి వెళ్ళేది. ఆయన గేటుకు ఎదురుగా చిన్న హోటల్ ఉంది. అక్కడ బల్ల మీద కూర్చుని ఒక చాయ్ చెప్పి, మెల్లగా తాగుతూ ఆ గేటును చూసేది. మామ నిలబడిన చోటును చూసేది. చాయ్ అయిపోగానే లేచి తిరుగు బస్సెక్కేది. మర్నాడు ఫోన్లో గొంతు మారిపోయేది. “చాయ్ తాగొచ్చిన” అంటే జీపు పని మళ్ళీ మొదలైందని నాకు అర్థం. ఒకసారి నేను, బస్సు ఖర్చు దండగ కదా అత్తా అన్నాను. “పైసలు పోతె మల్ల వస్తయ్. కోపం పోతె మల్ల రాదు” అన్నది.

జీపు నేర్పింది గంగారం దగ్గరి తండా డ్రైవరన్న. మామతో పాటు అదే దారిలో బండి నడిపిన మనిషి. అప్పటికి జీపులో ఇంజనే లేదు, పాతది పగిలిపోయింది. అయినా అత్త ఊరుకోలేదు. డ్రైవరన్న పక్క సీట్లో కూర్చుని నోటితో “గుర్ర్” అని ఇంజను చప్పుడు చేస్తుంటే, ఆ చప్పుడును బట్టి అత్త గేరు మార్చేది. “అక్కా, గుట్ట ఎక్కుతున్నం, రెండో గేరు!” అని అతను అరిచేవాడు. పందిరి చుట్టూ జనం పోగై పడీపడీ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వాను. అత్త మాత్రం కళ్ళు రోడ్డు మీదే పెట్టినట్టు ఎదురుగా ఉన్న గోడను చూస్తూ ఉండేది.

ఇంజను భూపాలపల్లిలో దొరికింది. బొగ్గు గనుల దగ్గర పాత జీపులు వేలంలో కొని విప్పి అమ్మే షాపు అది. బయానా ఇచ్చి పెట్టుకుంది కానీ మిగతా డబ్బు కూడలేదు. తెలంగాణ ఉద్యమం ముమ్మరంగా ఉన్న రోజులవి. మేం పంతుళ్ళం కూడా సమ్మెలో ఉన్నాం, జీతాల్లేవు, నేను ఇవ్వగలిగింది సున్నా. ఆ ఏడు వానకు ఆమె పత్తి కూడా నల్లబడిపోయింది. షాపతను ఇంజను ఇంకొకరికి అమ్ముతానని కబురు పెట్టాడు. అత్త చతికిలబడింది. తుక్కు కొనే మనిషిని తానే పిలిపించింది. అతను కాంటా పట్టుకుని వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. అత్త జీపు చుట్టూ ఒకసారి తిరిగి, “జర ఆగు తమ్మీ. చాయ్ తాగొస్త” అని బస్టాండుకు నడిచింది. అతను పాపం, ఆమె పక్క సందులోకి పోయిందనుకున్నాడు.

ఆమె వెంట నేనూ వెళ్ళాను. హోటల్లో కూర్చున్నామో లేదో గేటు ముందు మైకు మోగింది. పటేల్! మెడలో ఉద్యమ కండువా! కిందటేడు దాకా “తెలంగాణ లేదు, గిలంగాణ లేదు” అని వెక్కిరించిన మనిషి, గాలి ఎటు వీస్తుందో చూసుకుని అటు దూకాడు. వచ్చే సోమవారం తన ఇంటి ముందే రాస్తారోకో, రోడ్డు మీదే వంటావార్పు అని చాటించాడు. “ఎవల దగ్గర ఏమున్నా సరే, ట్రాక్టరో, బండో, తెచ్చి అడ్డం పెట్టాలె. సర్కారు దిగొచ్చేదాక ఒక్కటి కూడ కదలద్దు!” అని గొంతు చించుకున్నాడు.

అత్త సగం తాగిన చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టి లేచింది. “పిలుస్తున్నడు బిడ్డా” అన్నది.

తుక్కు మనిషిని ఉత్త చేతుల్తో పంపేసింది. పాలిచ్చే బర్రెను ఆ మర్నాడే అమ్మేసింది. అమ్మేటప్పుడు దాని మెడ పట్టుకుని బోరున ఏడ్చింది, అయినా అమ్మింది. డ్రైవరన్న భూపాలపల్లి నుంచి లారీలో ఇంజను తెచ్చి, ఇద్దరు మెకానిక్‌లను కూర్చోబెట్టి బిగించాడు. ఆదివారం సాయంత్రం అది దగ్గి, నల్లటి పొగ కక్కి, మోగింది. వెనక సీట్లోని కోళ్ళు అరుస్తూ ఎగిరిపోయాయి. అత్త సీట్లోంచి దిగలేదు. ఇంజను ఆపమంటే ఆపలేదు. డీజిల్ అయిపోతుందని డ్రైవరన్న మొత్తుకుంటే అప్పుడు ఆపింది.

సోమవారం ఆమె నడిపింది. పక్కన డ్రైవరన్న, వెనక నేను, బియ్యం బస్తా. తలుపుల్లేవు, కప్పు లేదు, రంగు లేదు. పటేల్ మైకులో, “రా తల్లీ, రా! అడ్డం పెట్టు!” అని స్వాగతం పలికాడు. గుర్తుపట్టలేదు. అత్త రోడ్డుకు కాదు, ఆయన గేటుకు అడ్డం పెట్టింది. జీపు ముక్కు గేటుకు ఆనింది. చక్రాల కింద రాళ్ళు పెట్టించి, తాళంచెవి కొంగున ముడేసుకుని వంటకు కూర్చుంది.

మధ్యాహ్నం అందరం రోడ్డు మీద బంతిలో కూర్చున్నాం. పటేల్ విస్తట్లో అత్తే వడ్డించింది. తిన్నాక ఆయనకు వరంగల్‌లో పెద్ద నాయకుల దగ్గర ముఖం చూపించే పని పడింది. కారేమో గేటు లోపల ఉంది. “జర పక్కకు జరుపమ్మా” అన్నాడు. అత్త గరిటె చేతిలో పట్టుకునే, అందరికీ వినపడేలా, “సర్కారు దిగొచ్చిందా పటేలా? ఒక్కటి కూడ కదలద్దన్నవు గద” అన్నది. జనం ఈలలు వేసి చప్పట్లు కొట్టారు. కండువా మెడలో ఉండగా ఆయన ఇంకేం మాట్లాడతాడు? అక్కడే ఎండలో గేటుకు ఆనుకుని నిలబడ్డాడు. వరంగల్ నుంచి ఫోన్లు వస్తూనే ఉన్నాయి. ఆయన చెమట తుడుచుకుంటూనే ఉన్నాడు. నాకు కడుపు నిండింది, అన్నంతో కాదు.

పొద్దుగూకింది. పొయ్యిలు ఆర్పారు, జనం లేచారు, ట్రాక్టర్లు పోయాయి. అత్త మాత్రం డ్రైవర్ సీట్లో కూర్చునే ఉంది. పటేల్ దగ్గరికి వచ్చాడు.

“ఇగ తియ్యమ్మా.”

“ఏం తియ్యాలె?”

“గిదాన్ని.”

“గిది ఏంది పటేలా?”

ఆయన అప్పుడు చూశాడు. వాగులో పడి సొట్టపోయిన ముందు భాగాన్ని చూశాడు, ఆమె ముఖాన్ని చూశాడు. గుర్తొచ్చింది. తన జీతగాళ్ళ వైపు తిరిగాడు. వాళ్ళు నేల చూపులు చూశారు, ఒక్కడూ ముందుకు రాలేదు. పొయ్యి రాళ్ళ దగ్గర ఉన్న ఆడవాళ్ళు చేతిలో పని ఆపి చూస్తున్నారు.

“బండి,” అన్నాడు చివరికి. “బండి తియ్యి.”

“ఎవల బండి?”

ఆయన కండువాతో ముఖం తుడుచుకున్నాడు. తర్వాత మా మామ పేరు చెప్పి, “ఆయన బండి” అన్నాడు.

అత్త తాళం తిప్పింది. తిరిగి వచ్చేటప్పుడు దారి పొడుగునా ఏడుస్తూనే నడిపింది. ఇక కోపం తీరిందా అత్తా అని అడిగాను. “ఒక్కసారికెట్ల తీరుతది బిడ్డా? మీ మామ పొద్దంత నిలవడ్డడు” అన్నది.

ఆ జీపును తర్వాత గంగారం దారిలోనే తిప్పింది. మొదటి సంపాదనతో తలుపులు కొంటుందనుకున్నాం, కప్పు కొంటుందనుకున్నాం. ఆమె కొన్నది హారన్. చేత్తో పిండితే ఊరంతా వినపడే రబ్బరు బుడ్డ హారన్. రాష్ట్రం వచ్చినా, జుట్టు నెరిసినా, మోకాళ్ళు పట్టేసినా, ఆదివారం పొద్దున పటేల్ గేటు దాకా వెళ్ళి హారన్ కొట్టి రావడం మానలేదు. ఇక చాలు, ఆయన ముసలోడయ్యాడు అని బాపు కూడా బతిమాలాడు. “నేను మాత్రం పడుచుదాన్నా?” అన్నది.

నాకు జీపు నడపడం సరిగ్గా రాదు. అయినా మొన్న ఆదివారం పొద్దున తాళంచెవి తీసుకుని బయల్దేరాను. గేరు మార్చినప్పుడల్లా అది గోలపెట్టింది. పటేల్ అరుగు మీద కుర్చీలో పేపర్ చదువుకుంటున్నాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత దొరికిన ప్రశాంతమైన ఆదివారం కాబోలు, కాళ్ళు చాపుకుని ఉన్నాడు. నేను హారన్ పిండాను.

పేపర్ కింద పడింది. చచ్చిపోయిన మనిషి వచ్చినట్టు లేచాడు. కర్ర పట్టుకుని మెల్లగా గేటు దాకా వచ్చాడు. ఊచల మధ్య నుంచి నన్ను చూశాడు.

“ఇంకెన్ని రోజులు బిడ్డా?” అన్నాడు.

జాలి కలుగుతుందేమోనని ఒక్క క్షణం ఆగి చూసుకున్నాను. కలగలేదు. మళ్ళీ హారన్ పిండాను.